శుక్రవారం కొలిచిన నీళ్ళు

సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకి డైరెక్టర్ విద్యాసాగర్ గారి గదిలో కూర్చునేసరికి నా చేతిలో ఆరు గంటల నలభై నిమిషాలున్నాయి. అరెస్టయి ఇరవైనాలుగు గంటలు నిండే సాయంత్రం నాలుగూ పదికల్లా పోలీసులు నా క్లయింటు మీద హత్యాయత్నం కేసైనా పెట్టాలి, ఇంటికైనా పంపాలి. ఇంటికి పంపుతారన్న ఆశ నాకు లేదు.

క్లయింటు పేరు బాసిల్ షలబీ. పాలస్తీనా మనిషి, ముప్పై ఎనిమిదేళ్ళు, భూగర్భజలాల శాస్త్రవేత్త. షెఫీల్డ్‌లోని ఈ నీటి పరిశోధన కేంద్రంలో అతనితో పాటు తమార్ అనే ఇజ్రాయెలీ శాస్త్రవేత్త పనిచేస్తుంది. ఆదివారం మధ్యాహ్నం బేస్‌మెంట్ మెట్ల మీంచి ఆమెను అతను కిందికి తోసేశాడని ఆరోపణ. తల పగిలి హాస్పిటల్లో స్పృహ లేకుండా పడి ఉంది. ఒక పాలస్తీనా అతను, ఒక ఇజ్రాయెలీ ఆమె, మధ్యలో నీళ్ళు. పేపర్లవాళ్ళకి ఇంకేం కావాలి? కథ వాళ్ళే రాసేసుకున్నారు.

నా పేరు బాలమణి. ఎవరైనా అరెస్టయితే డిఫెన్సు లాయరు ఆఫీసు తరఫున స్టేషన్‌కి వెళ్ళేదీ, తరువాత బయట తిరిగి కూపీ లాగేదీ నేనే. చీర కట్టుకున్న యాభై మూడేళ్ళ మనిషిని ఎవరూ డిటెక్టివ్ అనుకోరు. అది నాకు బాగా పనికొస్తుంది.

"మీ పని ఏంటిదో మొదట నాకు అర్థమయ్యేట్లు చెప్పండి సార్," అన్నాను.

విద్యాసాగర్ గారిది కరీంనగర్. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నా మాటలో ఊరు పోలేదు. కుడి చెయ్యి కోటు జేబులోనే ఉంచుకుని మాట్లాడారు.

"వాళ్ళ దిక్కు కొండల్ల ఆరు బావులున్నయి మేడం. కొండ మీద పడ్డ వాన లోపలికి దిగి రెండు దిక్కులకు పోతది. ఎవరెంత తోడుకోవాల్నో ముప్పై ఏండ్ల కింద కాగితం మీద రాసుకున్నరు. అప్పటి జనమెంత, ఇప్పటి జనమెంత? ఒక దిక్కు నల్లా తిప్పితే నీళ్ళొస్తయి. ఇంకో దిక్కు ఎండకాలంల పదిహేను దినాలకొకసారి. ఇండ్ల మీద ట్యాంకులు పెట్టుకుని కాసుకుని కూసుంటరు."

"మీ రిపోర్టు ఏం చెప్తాది?"

"ఆ బావుల మట్టం పడిపోతలేదు, ఇంకొంత తోడినా ఎవరికీ నష్టం లేదని చెప్తది. ఇజ్రాయెల్ మనిషొకడు, పాలస్తీనా మనిషొకడు ఎవరి బావులు వాళ్ళు కొలిచి రాసి పంపిండ్రు. ఒక ఏడాది, నెల కూడా తప్పకుండ. ఒక్క నెల తప్పినా రిపోర్టు చెల్లదు, షరతు గట్లనే ఉన్నది. బుధవారం లండన్‌ల రెండు దిక్కులోళ్ళు సంతకాలు పెడితే మూడూర్లకు పైపు పడుతది."

"శుక్రవారం వీళ్ళిద్దరూ కొట్లాడినారంట?"

"కొట్లాడిండ్రు. 'మావాళ్ళు ఇంకో ఎండకాలం ఎండాల్నా' అని బాసిల్ అరిచిండు. ఫ్లోర్ అంతా విన్నది."

"నిన్న మీరు యాడుండారు?"

"లీసెస్టర్‌ల. ఫ్రెండ్ వాళ్ళింట్ల సత్యనారాయణ వ్రతం. పన్నెండింటికి వాళ్ళు పీటల మీద కూసున్నప్పటి నుంచి అక్కడనే ఉన్న."

"బేస్‌మెంట్‌కి చివరిసారి ఎప్పుడు దిగినారు?"

"రెండు నెలలైంది. మోకాలు ఆపరేషన్ తరువాత మెట్లు దిగుతలేను." తరువాత ఆయనే అడిగారు. "తమార్‌కు ఎట్లుంది మేడం? మాట్లాడుతదా?"

"మధ్యాహ్నం మత్తు మందు తగ్గిస్తారంట. మూడు, మూడున్నరకి కండ్లు తెరవొచ్చు అన్నారు."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం అనుకున్నాను. పాతికేళ్ళ పనిలో ఎంతోమందిని కుదిపి కుదిపి ప్రశ్నలడిగిన దాన్ని, ఆ రోజు అడగని మాట ఒకటి నా అంతట నేనే చెప్పి వచ్చాను.

పదకొండింటికి బేస్‌మెంట్ మెట్ల దగ్గర నవదీప్ నాకోసం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కేసు అతనిదే. డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్, లండన్ పక్క స్టాన్‌మోర్‌లో పుట్టి పెరిగినవాడు. తెలుగు పూర్తిగా అర్థమవుతుంది, నోరు మాత్రం ఇంగ్లీషు వైపే తిరుగుతుంది. నన్ను 'ఆంటీ' అంటాడు. మర్యాద కోసం కాదు, ఇంటికెళ్ళి పప్పు పోపు పెట్టుకోమని చెప్పడానికి.

"టెన్ మినిట్స్, ఆంటీ. ఏదీ ముట్టుకోకూడదు."

"ముట్టుకునేదానికి గ్లవ్స్ తెచ్చుకున్న్యా లేప్పా."

పద్నాలుగు సిమెంటు మెట్లు. కింద చిన్న గది, ఒక బల్ల, గోడకి ఇనుప రాక్. పక్కనే కారు పార్కింగ్‌లోకి తెరుచుకునే తలుపు. దానికి బయట పిడి లేదు, లోపలి నుంచి తోస్తేనే తెరుచుకుంటుంది. ముందు గుమ్మం దగ్గర కార్డు గీకి తమార్ లోపలికి వచ్చింది ఒకటీ నలభైకి. బాసిల్ కార్డు గీకింది రెండూ యాభైకి. రెండూ యాభై ఎనిమిదికి అంబులెన్సుకి ఫోన్ చేసింది బాసిలే. మూడో కార్డు ఆ రోజు ఎవరూ గీకలేదు.

"ఎనిమిది నిమిషాలు," అన్నాడు నవదీప్. "తోయడానికి చాలు. గిల్టీ ఫీలయ్యి ఫోన్ చేశాడు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పడం లేదు. నిర్దోషి అయితే ఎందుకు చెప్పడు?"

"ఈ తలుపు లోపల్నుంచి తమారే ఎవరికైనా తీసుంటే మీ కార్డు లెక్కలో కనపడదు కదా?"

"ఎవరికి? ఎందుకు? మోటివ్ ఉన్నది ఒక్కడికే, ఆంటీ."

నేను వెళ్ళి రాక్ ముందు నిలబడ్డాను. బావుల కొలతల పుస్తకాలు పన్నెండున్నాయి, నెలకొకటి. ఒక్కో దాంట్లో సగం ఇజ్రాయెల్ మనిషి కొలతలు, సగం పాలస్తీనా మనిషివి. వీపు మీద నెల నంబరు వేసి ఉంది. ఎడమ నుంచి చూసుకుంటూ పోతే పన్నెండు, పదకొండు, పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు. ఆ తరువాత నాలుగు, అయిదు, ఆరు. మళ్ళీ మూడు, రెండు, ఒకటి.

ఒకటో నెల కుడి చివర ఉంది. అంతా తలకిందులుగా పెట్టారేమిటని మొదట విసుక్కున్నాను. అప్పుడు వెలిగింది. హీబ్రూ రాసేవాళ్ళూ అరబిక్ రాసేవాళ్ళూ ఇద్దరూ కుడి నుంచి ఎడమకే రాస్తారు. మొదటి పుస్తకం కుడి చివర పెట్టడం వాళ్ళకి చేతి అలవాటు. నాలుగు, అయిదు, ఆరు మాత్రం మనలాగా ఎడమ నుంచి కుడికి సర్దినవి.

"మీవాళ్ళు ఎవరైనా వీటిని తీసి పెట్టినారా?"

"నో. నిన్న ఐదింటికి ఫోటోలు తీశాం, ఇలాగే ఉన్నాయి."

"అయితే ఈ మూడు పుస్తకాలూ తీసి, తిరిగి పెట్టినవాళ్ళు బాసిల్ కాదు, తమార్ కాదు. ఎడమ నుంచి చదివే మనిషి ఎవరో."

నవదీప్ నవ్వాడు. ఎగతాళిగా కూడా కాదు, జాలిగా. అది ఇంకా మండింది నాకు.

"ఆంటీ, జ్యూరీకి బుక్‌షెల్ఫ్ చూపిస్తారా? ఎప్పుడో ఎవరో పెట్టి ఉంటారు. ఒక మనిషి చావుబతుకుల్లో ఉంది. మనవాళ్ళు ఎవరో డిఫెన్స్‌లో ఉన్నారని నేను మెత్తబడను."

"మెత్తబడమని నేను అడగలేదు. మీ నాయన పుస్తకాలు ఏ పక్క నుంచి సర్దుతాడో ఇంటికి పోయి చూడు."

ఆ మూడు పుస్తకాల పేజీలకీ ఫోటోలు తీసుకునే హక్కు డిఫెన్సుకి ఉంది. అతను గడియారం చూస్తూ ఉండగా ఒక్క పేజీ వదలకుండా తీసుకున్నాను. మిగతా తొమ్మిది పుస్తకాల్లోవి కొలిచినవాళ్ళ సొంత చేతిరాతలు, వంకర టింకర అంకెలు. వాటిల్లో తేదీలున్న పేజీలు కూడా తీశాను. ఆ మూడింటి రాత వేరు. శుభ్రమైన ఇంగ్లీషు. అట్ట మీద 'ఫోన్‌లో చెప్పగా రాసుకున్నవి' అని, కింద విద్యాసాగర్ గారి సంతకం. ఆ మూడు నెలలూ అక్కడ గొడవల వల్ల దారులు మూసేశారట, అందుకే పుస్తకాలు పంపలేక ఫోన్‌లో చెప్పారట. నవదీప్ కూడా చదివాడు, భుజాలెగరేశాడు. నాకూ అక్కడ నిలబడి ఏమీ తోచలేదు.

తోచింది ఒంటిగంటకి, రోడ్డుకి అవతలున్న టేక్‌అవే షాపులో, చల్లారిపోయిన చిప్స్ ముందు. పుస్తకాల్లో తేదీలే ఉన్నాయి, వారాలు లేవు. ఊరికే ఫోన్‌లో క్యాలెండర్ తీసి ఒక్కో తేదీకీ వారం చూసుకుంటూ పోయాను. మామూలు నెలల్లో పాలస్తీనా మనిషి శుక్రవారం ఒక్కసారి కూడా బావి దగ్గరికి వెళ్ళలేదు. ఇజ్రాయెల్ మనిషి శనివారం ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆదివారం మాత్రం ఇద్దరూ కొలిచారు, వాళ్ళకది పనిరోజే.

ఆ మూడు నెలల్లో ఇద్దరూ శుక్రవారాలన్నీ శ్రద్ధగా కొలిచారు. శనివారం, ఆదివారం ఇద్దరూ సెలవు తీసుకున్నారు.

జుమ్మా నమాజు మానేసి బావికి వెళ్ళిన ముస్లిమూ, ఆదివారం సెలవు తీసుకున్న యూదుడూ ఆ కొండల్లో ఎక్కడా లేరు. ఇంగ్లండ్ ఆఫీసు క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చుని రాసినవాడే ఉన్నాడు. దారులు మూసేసిన మూడు నెలలూ బావుల్ని ఎవరూ కొలవలేదు. ఆ అంకెలన్నీ ఈ షెఫీల్డ్‌లో పుట్టినవి.

వెంటనే లీసెస్టర్‌కి ఫోన్ చేశాను. వ్రతం చేసుకున్నావిడ పేరు హైమ, కాకినాడ వైపు మనిషి. పాపం, ఏమీ దాచుకోలేదు.

"విద్యాసాగర్ గారాండీ? కథా అయిపోయింది, భోజనాలూ అయిపోయాయండీ, అప్పుడొచ్చారు. మూడున్నర అయ్యుంటుంది. కుడి చెయ్యి వాచిపోయి ఉంది పాపం, కారు తలుపులో పడిందన్నారు. ప్రసాదం ఎడం చేత్తో పట్టబోతుంటే నేనే వద్దండీ అని గిన్నెలో పెట్టిచ్చాను."

షెఫీల్డ్ నుంచి లీసెస్టర్‌కి కారులో గంటంబావు. మూడున్నరకి అక్కడ తేలిన మనిషి రెండుంబావు దాకా ఎక్కడైనా ఉండొచ్చు.

రెండున్నరకి స్టేషన్‌లో బాసిల్ ఎదురుగా కూర్చున్నాను. గడ్డం మాసి ఉంది, కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. బల్ల మీద కాగితం కప్పులో నీళ్ళు సగం తాగి, మిగతా సగం జాగ్రత్తగా పక్కన పెట్టుకున్నాడు. నిన్నటి నుంచి నాతో కూడా నోరు విప్పలేదు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే.

"మీ ఊళ్ళో బావి కొలిచే అతను శుక్రవారాలు పనికి వెళ్తాడా?" అని అడిగాను.

అతను తలెత్తి చూశాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"ఇంకా లేదు."

"చెప్పకండి."

అప్పుడు మొదలుపెట్టాడు. రెండు వారాల కిందట ఆ శుక్రవారాలు తమారే మొదట చూసిందట. అతన్ని పిలిచి చూపించిందట. వెంటనే బయటపెడదామంది ఆమె. బుధవారం దాకా ఆగుదామన్నాడు ఇతను. శుక్రవారం నాటి అరుపులు దాని గురించే.

"మూడు ఊళ్ళలో ఒకటి మా అక్కది," అన్నాడు. "పోయిన వేసవిలో పదహారు రోజులు కుళాయి రాలేదు. పసిపిల్ల ఒళ్ళు తుడిచిన నీళ్ళతోనే నేల తుడిచింది. ఆ అంకెలు దొంగవే. కానీ ముందు నెలా తరువాత నెలా చూస్తే నిజానికి పెద్ద దూరంలో లేవు. మూడు నెలలు ఖాళీ అని తెలిస్తే సంతకాలు ఆగిపోతాయి. మళ్ళీ ఏడాది కొలవాలి. మళ్ళీ దారులు మూస్తారు. మీకు అర్థమవుతుందా?"

"తమార్‌ని ఎవరు తోశారు?"

"నేను వెళ్ళేసరికి పడి ఉంది. జారిందనుకున్నాను."

"విద్యాసాగర్ గారు అబద్ధం చెప్పారు. నిన్న ఆయన..."

"ఆయన పిరికివాడు, హంతకుడు కాదు," అంటూ అడ్డొచ్చాడు. "తమార్ లేచి ఏం జరిగిందో చెప్తుంది. నాలుగేళ్ళు ఒకే గదిలో కూర్చున్నాం. అన్నిటికీ పోట్లాడుకున్నాం. పుస్తకాలు కుడి నుంచి పెట్టాలన్న దానికొక్కదానికే పోట్లాడలేదు." నీళ్ళ కప్పు ఇంకాస్త పక్కకి జరిపాడు. "రెండు రోజులు. బుధవారం సాయంత్రం సంతకాలయ్యాక నేనే అంతా చెప్పేస్తాను. కేసు పెడితే పెట్టనీయండి. జైల్లో నీళ్ళు రోజూ వస్తాయిగా."

మాది కల్యాణదుర్గం దగ్గర ఊరు. అయిదో తరగతిలో ఉండగా ట్యాంకరు దగ్గర బిందెల కొట్లాటలో మా అమ్మ ముంజేయి విరిగింది. విరగ్గొట్టింది పక్కింటి సుబ్బక్క, అంతకు ముందు రోజే మా ఇంట్లో భోంచేసిన మనిషి. నీళ్ళు లేకపోతే మనుషులు ఏమవుతారో నాకు ఎవరూ రిపోర్టు రాసి చెప్పక్కర్లేదు.

"సరే," అన్నాను. "బుధవారం దాకా ఎవరికీ చెప్పను."

మాటిచ్చాను. తమార్ గది ముందు కానిస్టేబుల్ కాపలా ఉన్నాడన్న ధైర్యంతో ఇచ్చాను. పొద్దున స్టేషన్‌కి ఫోన్ చేసినప్పుడు అలాగే చెప్పారు మరి.

మూడూ ఇరవై అయిదుకి వరండాలోకి వచ్చేసరికి నవదీప్ ఫైలు చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు.

"నాలుగింటికి చార్జ్ చేస్తున్నాం, ఆంటీ. సారీ."

"చెయ్యప్పా, నీ ఇష్టం. హాస్పిటల్ దగ్గర మీవాడు జాగ్రత్తగా ఉన్నాడా? ఆమె లేచే టైమయింది."

"మధ్యాహ్నమే వెనక్కి పిలిచాం. అనుమానితుడు లోపలే ఉన్నాడు కదా, డ్యూటీ రోటాలో మనుషులు లేరు." నా మొహం చూసి ఓదార్పుగా అన్నాడు. "ఒంటరిగా ఏం లేదు. ఆమె బాస్ వచ్చి కూర్చున్నాడు. ఫ్యామిలీ ఎవరూ ఇక్కడ లేరు, ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఫామ్‌లో ఆయన పేరే ఉంది."

మూడు, మూడున్నరకి కళ్ళు తెరుస్తుందని ఆయనకి చెప్పింది నేనే.

నిజం చెప్తాను. నేను వెంటనే నోరు తెరవలేదు. ఒక్క క్షణం లెక్క వేశాను. ఒక పక్క మూడు ఊళ్ళు, ఒక పక్క ఒక మనిషి. అలా లెక్క వేసినందుకు ఇప్పటికీ నాకు నా మీద అసహ్యమే. బాసిల్ నాతో చెప్పింది నేను ఎవరికీ చెప్పడానికి లేదు, చట్టం ఒప్పుకోదు. పుస్తకాల్లో ఉన్నది మాత్రం అతను చెప్పింది కాదు, నేను చూసింది. కానీ మాట మాటే. దాన్ని తప్పుతున్నానని తెలిసే ఫోన్ తీసి అతని చేతిలో పెట్టాను.

"నవదీప్, ఇవి విద్యాసాగర్ రాసిన కొలతలు. శుక్రవారాలు చూడు. ఏ ముస్లిమూ శుక్రవారం బావికి పోలేదు, ఆ మూడు నెలలు తప్ప. అన్నీ కల్పించి రాసినవి. తమార్ కంట పడకుండా ఉంటాయా? నిన్న మూడున్నర దాకా ఆయన లీసెస్టర్‌కి చేరలేదు, కుడి చెయ్యి వాచి ఉండాది. హైమ అనే ఆమె సాక్షి. హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యి. ఇప్పుడే."

అతను వాదిస్తాడనుకున్నాను. వాదించలేదు. పేజీ ఒకటి చూశాడు, రెండోది చూశాడు. మొహంలో రంగు దిగిపోయింది. ఫైలు అక్కడే కుర్చీలో పడేసి, అదే ఫోన్‌తో వార్డుకి కాల్ చేసి స్పీకర్ పెట్టాడు. ఏడుసార్లు మోగాక నర్సు ఎత్తింది.

నవదీప్ తన పేరూ హోదా చెప్పాడు. తమార్ గదిలో ఎవరున్నారని అడిగాడు.

"ఆమె డైరెక్టర్," అంది నర్సు. "చాలా మంచాయన. వచ్చినప్పట్నుంచీ ఏడుస్తూనే ఉన్నారు. ఇందాక ఆమె కళ్ళు కదిలించింది. దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను, కాసేపు ఎవరూ రావద్దని అడిగారు. కర్టెన్ వేసి వచ్చాను."

"ఎంతసేపైంది?"

"ఒక పది నిమిషాలు."

"లోపలికి వెళ్ళండి. ఫోన్ పెట్టకండి, ఇప్పుడే వెళ్ళండి."

ఆమె పరిగెత్తిన చెప్పుల చప్పుడు వినిపించింది. తరువాత కర్టెన్ రింగులు కడ్డీ మీద జరిగిన చప్పుడు. నర్సు తమార్‌ని గట్టిగా పేరు పెట్టి పిలుస్తోంది, డాక్టర్‌ని రమ్మంటోంది. నవదీప్ అప్పటికే ఫోన్ నా చేతిలో కుక్కి కారు వైపు పరిగెత్తుతున్నాడు. గోడకి అవతల బాసిల్ ఉన్నాడు. నేను మాటిచ్చి ఇంకా పావుగంట కాలేదు.